ఇస్త్రీ అన్న దూకుళ్లు

లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే మనిషిని ఆ వీధంతా దూకుడన్న అనేది. మనిషిలో మాత్రం దూకుడు లేదు. ఎవరితోనూ గొంతు పెంచడు. రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూసి మరీ దాటుతాడు. ఊరి చివర నీళ్లు నిండిన పాత రాళ్ల క్వారీలోకి, ఎవరూ సాహసించని ఎత్తు నుంచి దూకుతాడు. అందుకు ఆ పేరు.

అది మొదలైంది తండ్రి పోయిన ఏడాది. వచ్చినవాళ్లంతా ఏడుస్తుంటే అతనికి కంట తడి రాలేదు. టీ కప్పులు కడిగి బోర్లించాడు. ఆ తర్వాత తిండికి రుచి పోయింది, ఎవరి మాటకూ నవ్వు రాలేదు. చొక్కా తర్వాత చొక్కా. కాలరు, చేతులు, వీపు. ఒక ఆదివారం ఈతకు వెళ్లేవాళ్ల వెంట క్వారీకి వెళ్లి, ఊరికే, తక్కువ ఎత్తు రాయి మీంచి దూకాడు. గాల్లో ఉన్నంతసేపూ గుండె చెవుల్లో కొట్టుకుంది. తన ఒంట్లో ఎవరో ఉన్నారనిపించింది. నీళ్లలోంచి తల పైకెత్తేసరికి మళ్లీ మామూలే.

గుండె అలవాటు పడేకొద్దీ పై రాయికి ఎక్కేవాడు. చూడ్డానికి జనం చేరేవారు.

"యముడు తన చొక్కా వీడికే ఇస్త్రీకి ఇచ్చాడేమో. అది చేతికొచ్చేదాకా వీణ్ణి ముట్టుకోడు," అని నవ్వుకునేవారు.

కౌంటరు దగ్గర కూర్చునే చెల్లెలికి నవ్వు వచ్చేది కాదు. "కొరివితో తల గోక్కుంటే ఏమొస్తుంది అన్నయ్యా?"

"ఏమీ రాదు. కాస్త తెలుస్తుంది."

"ఏం తెలుస్తుంది?"

అతను చొక్కా తిరగేసి వీపు మీద నీళ్లు చిలకరించాడు.

చెల్లెలి భర్త ఉతికిన బట్టలు ఇళ్లకు చేర్చేవాడు. గలగలా మాట్లాడే మనిషి. అతనికి బావంటే మహా గొప్ప. ఒక ఆదివారం వెంటపడి క్వారీకి వచ్చాడు. పై రాయి మీద నిలబడి, "నేనూ దూకనా బావా?" అని అడిగాడు.

"నీ ఇష్టం," అన్నాడు దూకుడన్న.

చెల్లెలి భర్త ఒంటిని ఒక పక్కకు వంచి దూకాడు. నీళ్లకు వీపు తగిలిన చప్పుడు పైదాకా వినిపించింది. మనిషి తేలలేదు. దూకుడన్న వెనకాలే దూకి, అడుగున తడిమి, కాలరు పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చాడు. ప్రాణం దక్కింది. నడుము విరిగింది.

ఆసుపత్రి వరండాలో చెల్లెలు అడిగింది. "వద్దని ఒక్క మాట అనలేకపోయావా?"

"అనొచ్చు. తోచలేదు."

"భయమన్నా వెయ్యలేదా?"

"లేదు. నీళ్లలో వెతుకుతున్నప్పుడు కూడా."

ఆమె అతన్ని తిట్టలేదు. "రేపట్నుంచి బట్టలు చేర్చే పని కూడా నువ్వే చూడు," అని లోపలికి వెళ్లిపోయింది.

చూశాడు. పగలు ఇస్త్రీ, సాయంత్రం ఇళ్ల చుట్టూ తిరుగుడు, ఆ తర్వాత చెల్లెలి భర్తను లేపి స్నానానికి తీసుకెళ్లడం. "నన్ను కూడా మడతపెట్టి బీరువాలో పెట్టెయ్ బావా," అనేవాడు ఆ మనిషి. బావ సరేననేవాడు.

చెల్లెలి భర్త మంచం మీద కూర్చోగలిగే రోజులు వచ్చాక, దూకుడన్న ఒకసారి క్వారీకి వెళ్లాడు. పై రాయి ఎక్కి చెప్పులు విడిచాడు. కింద నీళ్లు పచ్చగా ఉన్నాయి. గుండె ఇస్త్రీ బల్ల దగ్గర కొట్టుకున్నట్టే కొట్టుకుంటోంది. కింద ఎవరో దూకమని కేక వేశారు. అతను కాసేపు కూర్చుని, చెప్పులు తొడుక్కుని, కాలిబాటన దిగి వచ్చేశాడు.

"వెళ్లావా?" అంది చెల్లెలు.

"వెళ్లాను. దూకలేదు."

"బుద్ధొచ్చిందా?"

"అదేం కాదు. ఏమీ అనిపించలేదు."

చెల్లెలు అతని మొహం వంక చూసి, గిన్నె మీద మూత పెట్టింది. "ఆయన్ని లేపి కూర్చోబెట్టు. భోజనం చల్లారిపోతోంది."

దూకుడన్న గదిలోకి వెళ్లి వంగాడు. చెల్లెలి భర్త అతని మెడ చుట్టూ చేతులు వేశాడు. మనిషి చిక్కిపోయాడు గానీ బరువు తగ్గినట్టు లేదు.