సుగుణక్క కింద ఎంతమంది?

"పాపా, రొంత పక్కకు జరుగు, కాయ కనపడ్డం లేదు," అని సుగుణక్క నన్ను మోచేత్తో నెట్టింది.

నేను ఒక్క అడుగే జరిగాను. తలకు ప్లాస్టిక్ టోపీ, చేతిలో నోటుపుస్తకం, కాళ్ళ కింద జారిపోయే మామిడి రసం. పొద్దున ఏడింటి నుంచి ఆమె పక్కనే నిలబడి, ఆమెతో ఎవరొచ్చి మాట్లాడితే వాళ్ళ పేరు రాసి, పక్కన ఒక గీత గీస్తున్నాను. మళ్ళీ వస్తే మళ్ళీ గీత. పదకొండయ్యేసరికి గీతలు డెబ్బై దాటాయి. పేర్లు మాత్రం ఎనిమిదే.

యాభై ఎనిమిది మంది పనిచేసే హాల్లో ఎనిమిది పేర్లేనా? నేనే ఎక్కడో వదిలేశాననుకుని మొదటి పేజీ తిప్పి చూసుకున్నాను. తప్పేం లేదు. అవే ఎనిమిది పేర్లు, ఒక్కోదాని పక్కన దువ్వెన పళ్ళలా గీతలు.

ఇది నిరుడు జూన్ సంగతి. చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో టైమ్ ఆఫీసు క్లర్కును నేను. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరికి సెలవు అనేవి రాసిపెట్టే గదిని టైమ్ ఆఫీసంటారు. మాది వడమాలపేట. ఇంటర్‌తో చదువు ఆగిపోతే, చిత్తూరులో మా పిన్ని ఇంట్లో ఉంటూ ఈ పనిలో చేరాను. అది నా నాలుగో సీజను. తోతాపురి కాయ దిగిందంటే మాకు రెండు నెలలు ఊపిరాడదు. గేటు బయట ట్రాక్టర్ల వరస, లోపల పండు వాసన, ఇంటికెళ్ళినా జుట్టులో అదే వాసన.

సుగుణక్క బెల్టుకు సూపర్‌వైజరు. కడిగిన పండ్లు బెల్టు మీద కదిలొస్తుంటే, రెండు పక్కలా ఆడవాళ్ళు నిలబడి చెడిపోయినవి ఏరేసి, మచ్చలున్న చోట చాకుతో తీసేస్తారు. సుగుణక్క కూడా పదకొండు సీజన్లు అట్లా చాకు పట్టిన మనిషే. చదివింది ఏడో తరగతి. సూపర్‌వైజరు కుర్చీ వచ్చి మూడేళ్ళయింది. ఆ కుర్చీలో ఆమె కూర్చోగా నేను చూసింది బహుశా రెండుసార్లు.

ఆ నెలలో చెన్నై హెడ్డాఫీసు నుంచి నిత్య మేడం వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నవ్వుతూ ఉంటారు. వాళ్ళ అమ్మగారిది తెలుగు ఇల్లేనట, మాటలో అరవం కొంచెం తగులుతుంది. ఫ్యాక్టరీలో ఎవరు ఎవరి కింద పనిచేస్తున్నారో చార్టు గీయించడం ఆమె పని. ఆ పని మా మూర్తి సార్‌కు అప్పజెప్పారు. మూర్తి సార్ హెచ్ఆర్ ఆఫీసరు, నా పైవారు. ఆయన నాకు అప్పజెప్పారు.

మేడం నన్ను కూర్చోబెట్టి రెండు మాటలు నేర్పారు. ఒకటి స్పాన్ ఆఫ్ కంట్రోల్. ఒక మనిషి కింద నేరుగా ఎంతమంది ఉన్నారనేది. రెండోది లేయర్లు. అందరికంటే కింద ఉన్న మనిషి మాట అందరికంటే పైనున్న మనిషికి చేరాలంటే ఎన్ని మెట్లెక్కాలనేది.

"మీ ఇంట్లో చెప్పు చూద్దాం," అన్నారు.

"మా పిన్ని స్పాను నలుగురు మేడం. బాబాయి, ఇద్దరు పిల్లలు, నేను. లేయర్లు లేవు. వంటింట్లో ఆమె అరిస్తే అందరికీ ఒకేసారి వినపడుతుంది."

ఆమె పడీపడీ నవ్వారు. నాకు సబ్జెక్టు వచ్చేసిందనుకున్నాను.

హాజరు పట్టీ ముందు పెట్టుకుని, రంగు పెన్సిళ్ళతో చార్టు గీశాను. పట్టీలో బెల్టు ఆడవాళ్ళ యాభై ఎనిమిది పేర్లూ సుగుణక్క పేరు కిందే ఉంటాయి కదా, ఆమె డబ్బా నుంచి యాభై ఎనిమిది గీతలు కిందికి లాగాను. చూడటానికి చీపురులా ఉంది. బాగా వచ్చిందని మురిసిపోతూ తీసుకెళ్ళి ఇచ్చాను.

మేడం ఆ చీపురు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. ఒక సూపర్‌వైజరు కింద పదిహేను మందికి మించకూడదని హెడ్డాఫీసు నియమమట. మూర్తి సార్ వెంటనే అందుకున్నారు.

"నేను ఎప్పట్నుంచో చెప్తా ఉండా మేడం. ఒక మనిషి చేతిలో అయ్యే పనా అది. డిప్లొమా చేసిన పిల్లోళ్ళను నలుగుర్ని తీసుకుందాం. సుగుణమ్మ మళ్ళీ బెల్టు మీదికి పోతాది. ఆమె చెయ్యి మంచిదే."

"సరి, శుక్రవారం ముడివేద్దాం," అన్నారు మేడం. ముగిద్దాం అనడానికి ఆమె అట్లా అంటారు.

ఆ రోజు మంగళవారం. కాగితం గీసింది నేను, కుర్చీ పోయేది ఆమెది.

నేరుగా వెళ్ళి ఆమెకే చెప్పేశాను. నా కడుపులో మాట దాగదు. సుగుణక్క చేతులు కడుక్కుంటూ విన్నది.

"పోనీలే మే. చాకు పట్టుకునేది నేనేమన్నా మర్చిపోయినానా," అంది. కొంగుతో చేతులు తుడుచుకుంది. "కానీ పాపా, ఎవురో పిల్లోడు నా ఎనకాల నిలబడి, అమ్మా ఆ కాయ సూడు, ఈ కాయ సూడు అంటే... ఈ ఆడోళ్ళందరి ముందర... అది మటుకు కష్టంగా ఉంటాది."

ఆ తర్వాత నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

సాయంత్రం మేడం గది ముందు నిలబడి, "మేడం, ఆ చార్టు తప్పేమో," అన్నాను. ఎక్కడ తప్పని అడిగారు. తెలియదన్నాను. "యాభై ఎనిమిది మంది ఒక మనిషిని పట్టుకుని లాగుతుంటే ఆమె ఎప్పుడో పడిపోయుండాలి కదా మేడం. మా సుగుణక్క పాటలు పాడుకుంటూ తిరుగుతుంది."

మేడం పెన్ను కింద పెట్టారు. "రేవతీ, నువ్వు చూసింది రిజిస్టరును. మనుషుల్ని చూడు. పని ఆగితే ఎవరు ఎవరి దగ్గరికి పోతారో చూసి రా."

అందుకే బుధవారం ఆ గీతలు. మధ్యాహ్నం టీ దగ్గర ఎనిమిది పేర్లు సుగుణక్కకు చదివి వినిపించాను. వీళ్ళు అందరికంటే పెద్దవాళ్ళా అంటే కాదు. ముందు చేరినవాళ్ళా అంటే అదీ కాదు. గౌరి అనే అమ్మాయికి ముప్పై కూడా లేవు.

"వాళ్ళా," అంది సుగుణక్క టీ ఊదుకుంటూ, "వాళ్ళు ముందుసీటోళ్ళు."

"ఏ సీటు?"

"ఆటోలో పాపా. నువ్వు స్కూటీలో వస్తావు, నీకేం తెలుసు."

అప్పుడు విడమరిచి చెప్పింది. బెల్టు ఆడవాళ్ళు ఎనిమిది షేరు ఆటోల్లో వస్తారు, ఒక్కోదాంట్లో ఏడెనిమిది మంది. ఏ ఆటోలో అయినా అందరికంటే దూరం ఊళ్ళో ఉన్నామె మొదట ఎక్కుతుంది, డ్రైవరు పక్కన కూర్చుంటుంది. దారి పొడుగునా మిగతావాళ్ళకు ఫోన్లు చేసి లేపేది ఆమే. ఎవరికి జ్వరం, ఎవరి బిడ్డకు బాగలేదు, ఎవరు మధ్యాహ్నం పోవాలి, అన్నీ ఫ్యాక్టరీ చేరేలోపు ఆమెకు తెలిసిపోతాయి. ఆటో దిగిన వరసలోనే బెల్టు దగ్గరికి వచ్చి నిలబడతారు. ముందుసీటామె వరస మొదట్లో, ఆమె పక్కన ఆమె ఆటో వాళ్ళు. చాకు మొద్దుబారినా, చెయ్యి తెగినా ముందు ఆమెకే చెప్తారు. ఆమెతో కానిదే సుగుణక్క దాకా వస్తుంది.

"ఎవరు పెట్టినారు అక్కా ఈ పద్ధతి?"

"ఎవురు పెడతారు. గౌరి ఊరు దూరం, అందుకని గౌరి పెద్ద. ఊరు దగ్గిరుంటే నేనూ పెద్ద అయ్యుండేదాన్ని కాదు. నాదీ ముందుసీటే కదా అప్పుట్లో."

నేను టీ గ్లాసు అక్కడే వదిలేసి కొత్త చార్టు కాగితం కోసం పరుగెత్తాను.

గురువారం ఇంకో తమాషా జరిగింది. కొత్త చాకుల కోసం సుగుణక్క పెట్టిన ఇండెంటు, అంటే స్టోరు నుంచి సరుకు అడిగే చీటీ, పది రోజులుగా కదలలేదు. ఆడవాళ్ళు చాకుల్ని హాలు బయట గడపరాయి మీద నూరుకుంటున్నారు. లేయర్లంటే ఏమిటో చూద్దామని ఆ చీటీని నేనే పట్టుకుని బయల్దేరాను. షిఫ్ట్ ఇన్‌ఛార్జి సంతకం పెట్టారు. ఆయన పైన ఫ్లోర్ ఆఫీసరు, ఆయన పైన అసిస్టెంట్ మేనేజరు, ఆయన పైన ప్రొడక్షన్ మేనేజరు, ఆ పైన ఫ్యాక్టరీ మేనేజరు.

ఫ్లోర్ ఆఫీసరు చీటీ అటూ ఇటూ తిప్పి చూశారు. "పైన సార్ చూసినాడా?"

"మీరు పెడితే కదా సార్ ఆయన చూసేది."

"ఆయన ఊ అంటే పెడతానమ్మా. నేను పెట్టినాక ఆయన వద్దంటే నాకు మాట వస్తాది."

అసిస్టెంట్ మేనేజరు గదికి వెళ్ళాను. "కింద సంతకం లేదే," అన్నారు ఆయన.

"మీరు ఊ అంటే పెడతారంట సార్."

"ఆయన పెడితే నేను ఊ అంటా."

అట్లా మూడుసార్లు మెట్లెక్కి దిగాను. నాలుగోసారి ఇద్దర్నీ వరండాలోకి పిలిచి, ఎదురెదురుగా నిలబెట్టి, చీటీ మధ్యలో పట్టుకున్నాను. ఇద్దరూ నవ్వేశారు, ఇద్దరూ పెట్టేశారు. పైనున్న రెండు సంతకాలూ ఆ సాయంత్రమే అయిపోయాయి. చెడ్డవాళ్ళేం కాదు పాపం. ఆ రోజు లెక్క చూస్తే, ఫ్లోర్ ఆఫీసరు కింద ఉన్నది ఒక్క షిఫ్ట్ ఇన్‌ఛార్జే. అసిస్టెంట్ మేనేజరు కింద ఉన్నది ఒక్క ఫ్లోర్ ఆఫీసరే. కింద యాభై ఎనిమిది మంది ఉన్నారని సుగుణక్కకు ఎర్ర సున్నా చుట్టాం. కింద ఒక్కరే ఉన్నవాళ్ళను ఎవరూ చూడలేదు.

రెండో చార్టు గీసి మూర్తి సార్‌కు చూపించాను. సుగుణక్క కింద ఎనిమిది గీతలు, ఒక్కో గీత కింద ఏడెనిమిది పేర్లు.

"ఆటో సీట్లు చూసి చార్టు గీస్తావా? చెన్నైలో నవ్వుతారు. నేను ఆ కాగితం మీద సంతకం పెట్టను."

"మీరు పెట్టకపోయినా పర్లేదు సార్, రేపు పొద్దన్నే బెల్టు దగ్గరికి రండి చాలు."

ఆయన నావైపు ఎగాదిగా చూశారు. ఎట్లా అనగలిగానో ఇప్పటికీ తెలియదు.

శుక్రవారం పొద్దున మేడం, సార్, నేను హాలు బయట టోపీలు పెట్టుకునే చోట నిలబడ్డాం. అసలు చూడాలనుకున్నది మామూలు షిఫ్టు. కానీ ఆ రోజు రోడ్డు మీద కాయల ట్రాక్టరు ఒకటి అడ్డంగా ఆగిపోయి రెండు ఆటోలు ఇరుక్కున్నాయి. పదిహేను మంది లేరు. బెల్టు తిరగడానికి ఇంకా కొద్ది నిమిషాలే ఉంది.

మూర్తి సార్ మేడం వైపు చూసి, "చూసినారా," అన్నారు.

సుగుణక్క ఫోను మోగింది. "గౌరీ, యాడుండారు? ఎంతమంది? సరే, నడిచి రావద్దు, దూరం. ట్రాక్టరు తీసినాకనే రండి." పెట్టేసింది. రెండో ఆటో నుంచి ఇంకో ఫోను. అదీ అంతే. తర్వాత లోపలికెళ్ళి, మిగతా ఆరు వరసల మొదట్లో ఉన్న ఆరుగురికీ ఒక్కో మాట చెప్పింది. "రాణీ, నీ వరసలో ఇద్దర్ని ఈ సందులోకి పంపీ. రమణమ్మా, నువ్వూ ఇద్దర్ని. నువ్వొకర్ని..." వాళ్ళు వెనక్కి తిరిగి తమవాళ్ళకు చెప్పుకున్నారు. ఎవరూ అరవలేదు, ఎవరూ పరుగెత్తలేదు. ఖాళీలు పూడాయి. బెల్టు తిరిగింది.

మేడం వేళ్ళు మడుస్తూ ఉన్నారు. "ఫోనులో ఇద్దరు, లోపల ఆరుగురు. ఎనిమిది," అన్నారు. "సార్, నలుగురు డిప్లొమా పిల్లలు ఈ పని ఎట్లా చేస్తారో చెప్పండి."

మూర్తి సార్ టోపీ తీసి తల గోక్కున్నారు. ఆయన్ని ఇక్కడ మెచ్చుకోవాలి. "ఆ కాగితం ఇట్లియ్యి," అని నా చేతిలోంచి చార్టు లాక్కుని, గోడకు ఆనించి సంతకం పెట్టేశారు.

సుగుణక్క కుర్చీ సుగుణక్కకే ఉండిపోయింది. ఎనిమిది మందికీ లైన్ లీడర్లని పేరు వచ్చింది. గౌరి ఆ బ్యాడ్జీని ఇంటికి తీసుకెళ్ళి అత్తకు చూపించి వచ్చిందట. ఫ్లోర్ ఆఫీసరు కాయల యార్డుకు మారారు. అక్కడ ట్రాక్టర్ల మధ్య నిజంగానే ఒక పెద్ద మనిషి కావాల్సి ఉండింది. ఇప్పుడు ఆయన గొంతు గేటు దాకా వినపడుతుంది, మనిషి కూడా నిగారించారు. చాకుల చీటీకి అయిదు సంతకాల బదులు ఇప్పుడు రెండే.

వార్త తెలిసినప్పుడు సుగుణక్క నా తలమీది టోపీ కళ్ళదాకా లాగింది. "చీపురు గీసింది నువ్వే, చిమ్మింది నువ్వే," అంది. బెల్టు అంతా నవ్వింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. నావీ అంతే. మామిడి సొన పడిందని ఇద్దరం చెప్పుకున్నాం.

మేడం ఊరికి బయల్దేరే ముందు చార్టు ఒకసారి పైనుంచి కిందికి చూశారు. "అందరూ ఉన్నారు. నువ్వెక్కడ రేవతీ?"

నన్ను నేను గీసుకోనే లేదు. అక్కడే నిలబడి ఆలోచించాను. బెల్టు మీద ఒకామెకు సెలవు కావాలంటే లీడరుకు చెప్తుంది. లీడరు సుగుణక్కకు చెప్తుంది. సుగుణక్క ఊ అని చీటీ రాస్తుంది. ఆ చీటీ నా బల్ల మీదికి వస్తుంది. నేను మధ్యాహ్నం తీరిక చూసుకుని దాన్ని పుస్తకంలోకి ఎక్కించేదాకా ఆమెకు సెలవు వచ్చిందో లేదో తెలియదు. నాలుగు సీజన్లుగా ఎంతమంది ఆడవాళ్ళు నా గది కిటికీ దగ్గర నిలబడి, "పాపా, ఎక్కించినావా," అని అడిగారో. అడిగించుకోవడం నాకు గొప్పగా కూడా ఉండేది, అబద్ధమెందుకు. ఒకరి సంతకం కోసం ఇంకొకరు ఆగే వాళ్ళిద్దర్నీ చూసి నవ్వుకున్నాను కానీ, నేనూ అట్లాంటి మెట్టునే. పనికి అడ్డం ఎక్కడుందని వెతికేవాళ్ళు ముందు తమ బల్ల కింద చూసుకోవాలని నాకు ఆ రోజు తెలిసింది.

మరుసటి రోజు పొద్దున ఆటోలు రాకముందే సెలవు పుస్తకాన్ని నా బల్ల మీదనుంచి తీసుకుపోయి, టోపీలు పెట్టుకునే చోట సుగుణక్కకు అందే ఎత్తులో మేకు కొట్టి తగిలించి, పెన్ను దానికి దారంతో కట్టి వచ్చాను.