కొక్కేనికి వేలాడిన కనిగిరి ప్రయాణం

గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులో దుర్గాంబ గారి సంచి సంగతి తెలియని కాకి లేదు. కొత్తగా వచ్చిన కాకులకు పాత కాకులు చెబుతాయి. ఆకుపచ్చ రంగు, మందపాటి గుడ్డ, ఇత్తడి జిప్పు. వీధికి పడమటి చివర ఖాదర్ వలి టైలరు షాపులో, మిషను పైన కొక్కేనికి ముప్పై రెండేళ్లుగా వేలాడుతోంది. ఈలోపు బ్యాగీ ప్యాంట్లు పోయాయి, గొట్టం ప్యాంట్లు వచ్చాయి, మళ్లీ బ్యాగీలే వచ్చాయి. సంచి మాత్రం అంగుళం కదల్లేదు.

దాని కథ కనిగిరిలో మొదలైంది. పంతొమ్మిదో ఏట దుర్గాంబ కాపురానికి వెళ్లింది అక్కడికే. భర్త శేషాచలం గారికి సోషల్ మాస్టారుగా మొదటి ఉద్యోగం. అద్దె ఇల్లు సరిగ్గా కొండ కింద. ఎంత కిందంటే, పొయ్యి మీద పాలు పొంగుతుంటే కొండమీది పాత కోటగోడే తొంగిచూసి కేకేసేది. అంట్లు తోముతూ కొండను చూసేది, తడిబట్టలు ఆరేస్తూ చూసేది. సాయంత్రం ఎండకు ఆ రాళ్లు పాకం పట్టిన బెల్లంలా ఎర్రబడేవి. అలా మూడేళ్లు చూసింది గానీ ఒక్కసారి ఎక్కిన పాపాన పోలేదు. మొదటి ఏడు, కొత్తకోడలు కొండలెక్కితే నలుగురూ నవ్వుతారని అత్తగారంది. రెండో ఏడు కడుపుతో ఉంది. మూడో ఏడు చంకలో కొడుకు రామకాంత్.

"ఎండాకాలం సెలవుల్లో ఎక్కుదాంలే, కొండ ఎక్కడికి పోతుంది?" అన్నాడు మాస్టారు.

కొండ ఎక్కడికీ పోలేదు. వీళ్లే గుంటూరు పోయారు, బదిలీ అయి. సామాన్ల లారీలో వెనక్కి తిరిగి కూర్చుంటే దర్శి దాకా ఆ కొండ కనిపిస్తూనే ఉందని దుర్గాంబ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. రెండూళ్ల మధ్యా యాభై కిలోమీటర్ల పైమాటే. అయినా ఆవిడకు కనిపించిందంటే కనిపించినట్టే.

ఇక శేషాచలం గారు ప్లాను వేయడంలో మొనగాడు, బయల్దేరడంలో రాతి స్తంభం. నల్లమల కొండల్ని కళ్లు మూసుకుని బోర్డు మీద గీసేవాడు, వాటిలో ఒక్కదాన్నీ తొక్కి ఎరగడు. నల్ల అట్ట నోటుబుక్కులో ఏటా మే నెలకి ఒక కొత్త పేజీ. దర్శిలో ఇడ్లీ, పొదిలిలో మజ్జిగ, మధ్యాహ్నానికి కనిగిరి, మర్నాడు పొద్దున్నే కొండ, ఆ మీద భైరవకోన జలపాతం. ఏ బస్సు ఎన్నింటికి, ఏ స్టాండులో నీళ్లు మంచివి, అన్నీ ఎర్రసిరాతో గీతలు కొట్టి మరీ.

ఒక్క ఏడాది మాత్రం అది కాగితం దాటింది. రామకాంత్‌కి పన్నెండేళ్లప్పుడు. కొండ ఎక్కడానికని మాస్టారు భార్యకు తెల్ల కాన్వాసు బూట్లు కూడా కొనుక్కొచ్చాడు. సెలవులు చూస్తే ఆదివారం బయల్దేరాలి, ఆదివారం పడమర శూల, అటు ప్రయాణం కూడదు. దానికి పెద్దలు చెప్పిన విరుగుడు ఉంది, పరస్థానం. మంచిరోజు చూసి, వెళ్లాల్సిన దిక్కున ఉన్న ఇంట్లో సంచి ముందుగా పెట్టి రావాలి. సంచి గడప దాటితే మనిషి బయల్దేరినట్టే లెక్క. కాకపోతే ఆ సంచి మళ్లీ ఇంటికి రాకూడదు. వచ్చిందా, ఆ ప్రయాణానికి నీళ్లొదులుకోవడమే.

బుధవారం నాడు దుర్గాంబ బూట్లు, చీర సంచిలో సర్ది పడమటి చివర ఖాదర్ వలికి ఇచ్చొచ్చింది. శనివారం రామకాంత్‌కి ఆటలమ్మ పోసింది.

మరుసటేడు అత్తగారు బాత్రూంలో జారిపడింది. ఆ తర్వాత కొడుకు పదో తరగతి, ఎంసెట్, పెళ్లి, పురుడు, మాస్టారి కంటి ఆపరేషను, కరోనా. ఏ ఏటికి ఆ ఏడు ఏదో ఒకటి పిలిచినట్టే వచ్చేది. కూరగాయలకి వెళ్లినప్పుడల్లా దుర్గాంబ షాపు ముందు ఒక్క క్షణం ఆగేది.

"ఉందండీ అమ్మగారూ, భద్రంగా ఉంది," అనేవాడు ఖాదర్ వలి, ఆవిడ అడక్కుండానే. రంజాన్‌కి షాపుకి సున్నం వేసినప్పుడల్లా సంచిని దించకుండా దాని చుట్టూ వేయించేవాడు.

ఈ ఏడు మే నెలలో ఒక గురువారం అతను ఇంటికొచ్చాడు, ఉత్త చేతులతో.

"అమ్మగారూ, బిల్డింగు పడగొడతన్నారండి. కోచింగు పిల్లలకి హాస్టల్ కడతారంట. సోమవారం ఖాళీ చెయ్యాల. నేను మంగళగిరిలో మా అమ్మాయి దగ్గరికి పోతన్నా. అదేమో తూర్పాయె. మీ సంచి నాతో తీసుకుపోలేను, మీ ఇంటికి తేలేను. ఏం చెయ్యమంటారు?"

దుర్గాంబ భర్త వైపు చూసింది. ఆయన అప్పటికే నోటుబుక్కు తీశాడు.

"చూడు ఖాదరూ, వచ్చే పుష్యంలో అయితే ఎండా ఉండదు, రద్దీ ఉండదు..."

"తాతయ్యా, ఇది ఎన్నో పేజీ?" అంది సెలవులకొచ్చిన మనవరాలు రాగసుధ. "ఇండియాలో ఇన్ని ప్లాన్లు రైల్వే వాళ్లు కూడా వెయ్యలేదు."

"రోహిణి ఎండకి రోళ్లు పగుల్తాయే పిచ్చిదానా, మీ నాయనమ్మ మోకాళ్లొక లెక్కా? ఆ సంచిదేముంది, తెచ్చి అటక మీద పడేస్తే సరి."

దుర్గాంబ లోపలికెళ్లి చింతపండు నానబోసింది. ఆ రోజు చారు ఎంత పుల్లగా ఉందంటే, మూడిళ్ల అవతల వాళ్లకి పళ్లు పులిశాయి.

మర్నాడు పొద్దున్నే "కరివేపాకు తెస్తా" అని బయటికెళ్లింది. తిన్నగా టైలరు షాపుకే.

"దించు ఖాదరూ."

అతను స్టూలెక్కి దించాడు. వెనక గోడమీద సంచి ఆకారంలో పాత నీలం రంగు బయటపడింది. ముప్పై రెండు సున్నాల కింద గోడ ఆ రంగుండేదని ఇద్దరూ మర్చేపోయారు.

"అప్పుడు నా కొత్త షాపండీ," అన్నాడు ఖాదర్ వలి. "మొదటి బేరం రాకముందే మీ సంచి వచ్చింది."

సంచి ఆవిడ చేతికివ్వగానే పట్టీ పుటుక్కుమంది. మిషను మీద రెండు వరసలు కుట్టి ఇచ్చాడు. ఆ షాపులో అదే ఆఖరి కుట్టు. ఆటో కూడా అతనే ఆపాడు.

బస్టాండు చేరాక దుర్గాంబ మనవరాలికి ఫోన్ చేసింది. "పిల్లా, తాతయ్యని తీసుకుని రా. గ్యాసు కట్టెయ్."

శేషాచలం గారు వచ్చాడు. లాల్చీ గుండీలు పైదానికి కిందది పెట్టుకుని, చంకలో నోటుబుక్కుతో, అరకిలోమీటరు నుంచే వినపడేలా అరుస్తూ వచ్చాడు.

"మతి పోయిందటే? ఇవాళ శుక్రవారం! పడమర శూల!"

"మనం బయల్దేరింది ఇవాళ కాదండీ. ముప్పై రెండేళ్ల కిందట, బుధవారం."

"పరస్థానం పదిరోజులకి మించి చెల్లదే! శాస్త్రం ఒప్పుకోదు."

"శాస్త్రానికి ఆటలమ్మ పొయ్యలేదు, కంటి ఆపరేషను అవ్వలేదు. సంచి నా చేతికొచ్చింది. ఇంటికైతే తీసుకురాను. వస్తారా, మీ నోటుబుక్కు ఇచ్చి పంపుతారా?"

ఆయన నోటుబుక్కు చంకలో బిగించుకుని బస్సు మెట్టు మీద కాలు పెట్టాడు. రాగసుధ అప్పటికే బస్సెక్కి మూడు సీట్లకి చున్నీ వేసేసింది.

చిలకలూరిపేట రోడ్డెక్కేసరికి కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరప ఘాటుకి బస్సు బస్సంతా తుమ్ములు. డ్రైవరు తుమ్మితే ఎదురొచ్చే లారీ పక్కకి తప్పుకుందంటారు చూసినవాళ్లు. ఆ గొడవలో దుర్గాంబ జిప్పు లాగింది. చీర మడతల దగ్గర చీలిపోయింది. బూట్లు తెలుపు పోయి పసుపుకి తిరిగాయి గానీ, అలాగే ఉన్నాయి. కాళ్లకి తొడిగి చూసుకుంది. లేసులు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. ఆవిడ జన్మలో బూటు లేసు కట్టలేదు.

శేషాచలం గారు నోటుబుక్కు సీటు మీద పెట్టి, కుదుపుల్లో కిందకి వంగి కట్టాడు. స్కూలు పిల్లలకి కట్టినట్టు రెండు చెవుల ముడి.

"బిగువుగా ఉందా?"

"సరిపోయింది."

దర్శిలో ఇడ్లీ నోటుబుక్కులో రాసుకున్నట్టే తిన్నారు, హోటలు మాత్రం అది కాదు. ఊరు దాటగానే దుర్గాంబ కిటికీలోంచి చెయ్యి చాపింది.

"అదిగో కొండ."

"నాయనమ్మా, ఫోన్లో ఇంకా యాభై కిలోమీటర్లు చూపిస్తోంది," అంది రాగసుధ.

"మీకు కనిపించట్లేదా?" దుర్గాంబ భర్తనడిగింది.

శేషాచలం గారు కళ్లజోడు తీసి, లాల్చీ అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆవిడ చెయ్యి చూపిన వైపు చాలాసేపు చూశాడు.