లూర్దు మేరీ అడిగిన ప్రశ్న

మా అనకాపల్లి సినిమా అధ్యయన మండలి ఆదివారం పదకొండింటికి మెయిన్ రోడ్డులోని అద్దె హాల్లో కూర్చుంటుంది. పాత విదేశీ సినిమాలు వేసుకుంటాం. నగరం, ఆకలి, సమ్మెలు, లాఠీలు. తర్వాత గంటసేపు చర్చ. ఇరవైమందిలో బడి మొహం చూడని మనిషి లూర్దు మేరీ ఒక్కతే. హాలు గేటు పక్కన పద్దెనిమిదేళ్లుగా ఆమెది అట్ల బండి. చివరి వాయి అమ్మేసి, చెంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక వరుసలో కూర్చునేది. తెర కింద పడే ఇంగ్లీషు మాటలకు అర్థం నేను ఆమె చెవిలో చెప్పేదాన్ని.

ఒక సినిమాలో పోలీసులు రాగానే, వేయించిన చేపలమ్మే మనిషి డబ్బుల పెట్టె పట్టుకుని పరిగెత్తింది. మేరీ పకపకా నవ్వింది.

"ఈవిడెప్పుడూ బండెట్టనేదు! పెనం వొగ్గేసి డబ్బులట్టుకుంటాదేటి? పెనం పోతే రేపేటి సేత్తాది?"

"అద్భుతమైన పరిశీలన!" అన్నారు దేవీప్రసాద్ మాస్టారు. రిటైరైన లెక్చరరు, మండలి కార్యదర్శి. ఆ మాటను తన వ్యాసంలో వాడుకున్నారు కూడా, 'ఒక శ్రామిక స్త్రీ అన్నట్టు' అని.

జూన్‌లో వార్డు ఆఫీసు మనిషి వచ్చి, గురువారంలోగా బండి తీసెయ్యమన్నాడు. మండలి ఫిర్యాదు చేసిందట.

ఆ ఫిర్యాదు రాసింది నేను. "గేటుకు అడ్డం, పొగకు తెర పాడవుతోంది" అని మాస్టారు చెబుతుంటే తలొంచుకుని రాశాను. మండలి ఉత్తరాలన్నీ నేనే రాస్తాను. ఎవరి బండి అని అడగలేదు. గేటు దగ్గరున్నది ఒక్కటే బండి, అడగడానికేముంది?

ఆ ఆదివారం సినిమాలో పేదల ఇళ్లు కూలుస్తారు. లైట్లు వేశాక మాస్టారు లేచారు. "నగరం తనను మోసేవాళ్లనే బయటికి నెడుతుంది" అన్నారు. చప్పట్లు.

మేరీ లేచింది. "మరి నన్నెందుకు తోసేత్తన్నారు మేస్టారూ?"

"అది వేరే విషయం మేరీ. ఇక్కడ సినిమా గురించే మాట్లాడుకుందాం."

"సినిమా గురించే అడుగుతన్నాను బాబూ. ఇల్లు పడగొట్టినోల్లని సూపించేరు. పడగొట్టమని కాయితం రాసినోడ్ని సూపించనేదు. ఆడెవుడు?"

మాస్టారు తన నోట్సు సర్దుకుంటున్నారు.

"నేనే రాశాను" అన్నాను. "మాస్టారు చెబితే రాశాను."

మేరీ నా వైపు తిరిగింది. "నువ్వా పాపా? నా పక్కన కూకుని అర్థాలు సెప్పినదానివే?"

ఫిర్యాదు వెనక్కి తీసుకుందాం, చేతులెత్తండి అన్నాను. మా మండలిలో ఏదైనా చేతులెత్తే తేలుస్తారు. నాది కాక రెండు లేచాయి. అప్పటిదాకా చప్పట్లు కొట్టిన మిగతా చేతులన్నీ ఒళ్లోనే ఉండిపోయాయి. "నియమాల ప్రకారం వీగిపోయింది" అన్నారు మాస్టారు, గడియారం చూసుకుంటూ. సిగ్గులేని నియమాలు. మేరీ అప్పటికే మెట్లు దిగిపోయింది.

గురువారం బండి తీయించేశారు. నేను మళ్లీ ఆ హాలుకి వెళ్లలేదు. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదని తెలుసు. ఇప్పుడామె రైలు గేటు అవతల బండి పెడుతోంది. గేటు పడితే అటు ఎవరూ రారు. నిన్న వెళ్లి, బండి ముందు నిలబడ్డాను.

"అట్టు కావాలా?" అంది, తలెత్తకుండా.

"కాదు, నేను..."

"అయితే పక్కకి జరుగమ్మా. ఎనకాల బేరం ఉంది."

జరిగాను.