రేపటికి ఏరిన సీసం తల

మొన్న ఆదివారం మా అల్లుడు నన్ను బీచ్ రోడ్డు వెనకాల కొత్తగా పెట్టిన గాలాల దుకాణానికి తీసుకెళ్ళాడు. వారమంతా పరవాడ మందుల కంపెనీలో పనిచేసే అతనికి సెలవు రోజున బండల మీద నిలబడి గాలం విసరడం సరదా. చేపలమ్మిన ఇంటి పిల్లని చేసుకున్నాడు కదా, అత్తగారికి అన్నీ తెలుసని ఒక గుడ్డి నమ్మకం. గోడ నిండా ప్లాస్టిక్ సంచుల్లో ఎరుపూ పచ్చా వెండి రంగులు పూసిన, గాలానికి బరువిచ్చే సీసం తలలు, ఒక్కోదానికీ ఒక కొక్కెం, ఎన్ని గ్రాములో పైన అచ్చు. ఏది కొనమంటారని అడిగితే, నేను పాత అలవాటున సంచి విప్పించి ఒక తలని అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఆ చల్లటి బరువు తగలగానే మా ఆయన గుర్తొచ్చి, దుకాణంలో అందరి ముందూ ఏడ్చేశాను.

మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఇవి కొనే వస్తువులు కావు. చిరిగిన వలల సీసం గుళ్ళు కరిగించి, కొక్కెం పెట్టిన అచ్చులో పోసి, చల్లారాక ఆకురాయితో గరుకు తీసేవారు. దాని వెనక కోడిపుంజు మెడ ఈకలూ నా పాత చీరల జరీ పోగులూ కట్టి నీళ్ళలో ఎగరేసి లాగితే, చిన్న చేప పరుగెడుతోందనుకుని పారా చేప వచ్చి అందుకుంటుంది. కట్టడం ఎవరైనా కడతారు, తల ఏరడంలోనే ఉంది సంగతంతా అనేవాడు గాలం వేటకెళ్ళే మా ఆయన. నీటి లాగుడు ఎక్కువున్న రోజు ముక్కు సన్నటిది, రాళ్ళ మీదైతే తేలికది, లోతుకి తిన్నగా దిగాలంటే గుండ్రటిది. మెడ లేని తలకి కట్టు జారిపోతుంది గనక అది అసలే వద్దు. సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని ఒక్కొక్కటే అరచేతిలో ఎగరేసి చూస్తుంటే, పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇంతసేపు చూడలేదు కదయ్యా అని దెప్పేదాన్ని. నాకు మాత్రం పక్కన కూర్చునే తీరిక ఎక్కడిది? పొద్దున్నే హార్బరు, మధ్యాహ్నం దాకా తట్ట నెత్తిన పెట్టుకుని కాలనీలు, సాయంత్రం పొయ్యి.

ఒక వేసవిలో పక్షవాతం వచ్చి ఆయన కుడి పక్క పడిపోయింది. మనిషి గోడవైపు తిరిగి పడుకుని ముద్ద ముట్టడం మానేశాడు. ఇలాగే పోతాడేమోనని భయపడ్డాను. అప్పుడు సీసం తలల డబ్బా తెచ్చి ఆయన ఎడమ చేతి దగ్గర పెట్టి ఒక అబద్ధం ఆడాను. మా మరిది తెప్ప మీద వేటకెళుతున్నాడు, నువ్వు ఏరిన తలకే చేప పడుతుందంటున్నాడు, రేపటికి ఒకటి ఏరు, నేను కడతాను అన్నాను. నిజానికి మరిది ఎప్పుడో తెప్ప అమ్మేసి హార్బరులో ఐసు మోస్తున్నాడు. అయితేనేం, మా ఆయన గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

ఆ రోజు నుంచీ సాయంత్రం పూట ఆయన ఏరడం, నేను పక్కన చతికిలబడి కట్టడం, కట్టు వదులుగా ఉందని ఆయన సణగడం. మర్నాడు హార్బరులో వలకి పడ్డ పారా ఒకటి పక్కకి తీసి, ముందురోజు కట్టిన గాలం దాని పెదవికి గుచ్చి ఇంటికి తెచ్చి చూపించేదాన్ని. ఆయన దాన్ని ఎడమ చేత్తో అటూ ఇటూ తిప్పి, మూతి చూసి, తల బాగా పనిచేసిందనేవాడు. అన్నం తినేవాడు. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని.

వానలు పట్టిన ఒక సాయంత్రం, సముద్రం బాగోలేదని మరిది రేపు వెళ్ళడేమోనని నేను ఏదో అల్లుతుంటే, ఆయన పడిపోని సగం మూతితో నవ్వాడు.

"సచ్చిన సేపకి గేలం గుచ్చితే రగతం రాదే, పిచ్చిదానా. నాను మొదటి రోజే సూసినాను."

మేము అమ్మేవాళ్ళం మొప్పలు చూస్తాం. పట్టినవాడు మూతి చూస్తాడని నాకు తట్టనే లేదు. సిగ్గుతో చచ్చిపోయి, తెలిసీ ఇన్నాళ్ళు ఎందుకు ఏరావని గట్టిగా అడిగాను.

"మరి నువ్వు నా పక్కన కూకుంతన్నావు గదా" అన్నాడు.

ఆ తర్వాత చేప కొనడం మానేశాను గానీ కూర్చోవడం మానలేదు. ఎవరూ నీళ్ళలో వెయ్యని గాలాలు ఎన్ని కట్టామో. వానలు వెలుస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం ఆయన గుండ్రటి తల ఒకటి ఏరి, ఇదీ రేపటికి అన్నాడు. దారం తెద్దామని లోపలికి వెళ్ళి వచ్చేసరికి తల ఆయన అరచేతిలోనే ఉంది, మనిషి లేడు.

దుకాణంలో మా అల్లుడు ఈకలు కట్టేసి ఉన్నవే కొన్నాడు. ఎవరి టైము వారిది, తప్పు పట్టను. ఇప్పుడు తల ఏరక్కర్లేదు, దారం పట్టుకుని ఎవరూ ఎవరి పక్కనా చతికిలబడక్కర్లేదు. కానీ ఆ సాయంత్రాలు తప్ప నా కాపురంలో మేమిద్దరం ఊరికే కూర్చున్న సాయంత్రం ఒక్కటి కూడా నాకు గుర్తు రాదు.

ఆ గుండ్రటి తల నా దగ్గరే ఉంది. ఒకటి రెండుసార్లు దారం తీసి కూర్చున్నాను. కట్టు వదులైందని సణిగేవాడు లేక మళ్ళీ డబ్బాలో పెట్టేశాను.