దయ గీసిన ఓడ కంప్యూటర్

ఉత్తరాలు తప్ప నేనెప్పుడూ ఏమీ రాయలేదు. ఈరోజు పొద్దున సమాధి దగ్గర మా తమ్ముడి గురించి ఒక తప్పు మాట చెప్పాను. అందుకే ఇంటికి రాగానే పెన్ను పట్టుకున్నాను.

నేను కాగితం మీద రాసిస్తుంటే మా అమ్మాయి టైప్ చేసి మన ఫ్యామిలీ గ్రూపులో పెడుతోంది.

నిన్న ఉదయం బాపట్ల నుంచి మరదలు సుగుణ ఫోన్ చేసింది.

"వదినా, ఈయన లేవట్లేదు."

"అలిసిపోయుంటాడమ్మా, కాసేపు పడుకోనివ్వు" అన్నాను.

అటునుంచి ఏడుపు వినపడేదాకా నాకు అర్థం కాలేదు.

ఇప్పటికీ కాలేదు. గుండె ఆగిందట. మా తమ్ముడు దయాకర్‌కి నలభై రెండేళ్లు.

రేపల్లె నుంచి వెళ్తున్నంతసేపూ బస్సులో ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట రాలేదు.

ఈరోజు పాస్టరు గారు పక్కకొచ్చి మెల్లగా అడిగారు.

"అమ్మా, తమ్ముడు ఏం పని చేసేవాడండి?"

"కంప్యూటర్ రిపేరండి" అన్నాను.

ఆయన అదే మైకులో చెప్పేశారు. దయతో కలిసి పనిచేసే సలీం తలెత్తి నా వైపు చూశాడు.

రిపేరు కాదు.

వాళ్లు కంప్యూటర్‌లో ఆడే గేమ్ తయారు చేస్తున్నారు. నక్షత్రాల మధ్య ఓడ నడుపుకుంటూ, ఒకచోట సరుకు కొని ఇంకోచోట అమ్మే ఆట. ఆ ఓడలో ఒక కంప్యూటర్ ఉంటుంది. అది ఎలా కనపడాలి, ఏ బటన్ ఎక్కడుండాలి, రేట్లు ఎలా చూపించాలి... అదంతా గీయడమే మా దయ పని.

ఒకసారి మా ఇంటికి లాప్‌టాప్ తెచ్చి చూపించాడు. స్క్రీన్ మూల ఏదో జిడ్డు మరక. కొంగు తీసుకుని తుడిచాను. పోలేదు. ఇంకాస్త గట్టిగా తుడిచాను.

వాడు లేచి గంతులేశాడు. వెంటనే సలీంకి ఫోన్.

"ఒరేయ్, మా అక్క కొంగుతో తుడిచిందిరా!"

ఆ మరక వాడు గీసిందే.

"కొత్తది చేసి మురికి పూస్తావేంట్రా?" అన్నాను.

"ఇరవై ఏళ్లుగా వాడుతున్న ఓడక్కా అది. ఆడేవాడు ఇంట్లో కుర్చీలో ఉన్నానని మర్చిపోవాలి."

ఒకసారి నన్ను తెనాలి నిమ్మకాయల మార్కెట్‌కి కూడా తీసుకెళ్లాడు. అక్కడొక వ్యాపారి పలక మీద పాత రేటు అరచేత్తో తుడిచి కొత్తది రాశాడు. పాత అంకె సుద్ద కింద మసగ్గా కనపడుతూనే ఉంది. వీడు అక్కడే నిలబడిపోయాడు.

"ఏం బాబూ, కాయలు కొంటావా, పలక కొంటావా?" అన్నాడాయన.

"పలకేనండి" అన్నాడు వీడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత చూస్తే వాడి ఓడ కంప్యూటర్‌లో ప్రతి రేటు వెనకాల పాత రేటు మసగ్గా ఉంది. పెరిగిందో తగ్గిందో ఎవరినీ అడగక్కర్లేదు.

"బాగుందా అక్కా?" అని అడిగాడు.

"ఏమో నాయనా, నాకేం తెలుసు" అన్నాను. బాగుంది అనలేదు. ఎందుకనలేదో తెలీదు.

ఇవాళ సమాధి దగ్గర 'ఆట' అనే మాట నోటికి రాలేదు. సిగ్గుపడ్డానా? నలుగురూ తక్కువ చేస్తారని భయపడ్డానా? దేవుడిచ్చిన నేర్పే కదా వాడిది. మరి దేవుడి ముందు ఎందుకు దాచాను?

ఆట సగమే అయిందట. సలీం చెప్పాడు. మిగతాది ఎవరు గీస్తారో వాడికీ తెలీదు.

ఆదివారం బాపట్ల వెళ్తాను. నేను చెప్పింది తప్పని పాస్టరు గారితో చెప్తాను. సరిగ్గా చెప్పడం నాకు రాదు, సలీంని తోడు తీసుకెళ్తాను. ఆయన మళ్లీ ఒక్కసారి మైకులో చెప్తే చాలు.

అప్పటిదాకా ఇదంతా మన గ్రూపులోనే ఉంచండి. బయట ఎవరికీ చూపించకండి. ఆయనకి నా నోటితోనే తెలియాలి.

బాగుంది దయా. చాలా బాగుంది.

ఇక వెళ్లు నాన్నా. ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి.