దూది అత్త పుస్తకం

మా చెల్లి పళ్ళు ఈనాటికీ ముత్యాల్లా ఉన్నాయంటే అందులో డాక్టరుగారి వాటా కొంతే. మిగతా పుణ్యమంతా దూది అత్తది.

పళ్ళ డాక్టరుగారి దగ్గర ఆవిడ సహాయకురాలు. ఏళ్ళ తరబడి పిల్లల నోళ్ళలో దూది కుక్కింది గనక ఆ బిరుదు. జనం కూర్చునే ముందుగదిలో బల్ల కోడుకి కట్టుగుడ్డతో ఒక పిల్లల నవల కట్టేసి ఉంచేది. అందులో ఒక ఊరివాళ్ళ నీడలు ఒక్కొక్కటే మాయమవుతుంటాయి. వాన పడితేనే మాట్లాడే పిల్లిని వెంటేసుకుని ఒక అమ్మాయి దొంగను వెతుకుతుంది. పుస్తకం ఇంటికివ్వడం నిషేధం. పళ్ళు చూపించుకోవడానికి వచ్చినవాళ్ళే చదవాలి. ఈ చట్టం చేసిందీ, కాపలా కాసిందీ ఆవిడే.

అంతకుముందు చెల్లిని ఆ గుమ్మం ఎక్కించాలంటే నాన్న ఒక రెక్క, నేనొక రెక్క పట్టుకోవాల్సివచ్చేది. నవల రుచి మరిగాక తనే చెప్పులేసుకుని మాకంటే ముందు వీధిలో నిలబడేది. అలా పుచ్చిన పళ్ళన్నీ బాగుపడ్డాయి. ఆఖరి అధ్యాయం మాత్రం మిగిలిపోయింది.

"ఇంక రానక్కర్లేదమ్మా," అన్నారు డాక్టరుగారు.

సూదికి కూడా ఏడవని పిల్ల ఆ తీర్పు విని ఏడుపు లంకించుకుంది. ఇంటికొచ్చి పళ్ళు తోమడం మానేసింది.

"నీకేమైనా మతి పోయిందటే?" అంది అమ్మ.

"ఒక్క పన్ను పుచ్చితే చాలమ్మా. చిన్నదైనా సరే."

అమ్మ తల పట్టుకుని వెళ్ళి దూది అత్తకు మొరపెట్టుకుంది.

"రేపు పంపించు వదినా. ఓసారి చూడాలి," అందావిడ, నవ్వకుండా.

మర్నాడు డాక్టరుగారు చెల్లి నోట్లో అద్దం పెట్టి అటూ ఇటూ తిప్పారు. వెనక నిలబడ్డ దూది అత్త గొంతు సవరించుకుంది.

"ఊఁ... అనుమానంగానే ఉంది," అన్నారాయన గంభీరంగా. "బయట కూర్చో. నేను కాస్త ఆలోచించుకోవాలి."

"ఎంతసేపండీ?"

"ఎన్ని పేజీలున్నాయేంటి?"

చెల్లి చదవడం ముగించి, దూది అత్త నడుము చుట్టేసి, వెలిగిపోతూ బయటికొచ్చింది.

"దొంగెవరే?" అన్నాను.

"నువ్వూ పళ్ళు చూపించుకుని తెలుసుకో."

చెల్లి వెనకే గుమ్మం దాకా వచ్చిన దూది అత్త నా వాచిన దవడకేసి చూసింది. ఆ నొప్పి సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"రేపు పొద్దున రా నాయనా," అంది. "మొదటి పేజీకి తిప్పి ఉంచుతాను."

వెళ్ళాను. ఆ పన్ను ఇప్పటికీ నా నోట్లోనే ఉంది. గట్టిదేదైనా కొరికినప్పుడల్లా ఆవిడకు మనసులోనే ఒక దండం పెట్టుకుంటాను.