పోచన్న చావు కబుర్లు

పోచన్నకు పిచ్చి ఒకటే. ఏ వస్తువు పాడైనా, దాన్ని తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేసి చావు కబురు చెప్పేవాడు. అదీ గుసగుసగా, పక్కనే శవం ఉన్నట్టు.

గల్ఫ్‌లో, ఖురంలోని ఒక ఎలక్ట్రిక్ సామాన్ల కంపెనీలో కస్టమర్ కేర్ చూసే మనస్వినికి ఆ ఫోన్ మొదటిసారి కాఫీ తాగుతుండగా వచ్చింది. హిందీలో మొదలుపెట్టిన మనిషి, ఆమె పేరు వినగానే తెలుగులోకి దిగాడు.

"అమ్మా, మీ పిలగాడు పొద్దుగాల పానం ఇడిసిండు."

"ఎవరండీ? ఏ పిల్లాడు?"

"మీ ఇంట్ల పుట్టినోడే. మూడేండ్లు సక్కగ గాలిచ్చిండు. తిరుగుకుంట తిరుగుకుంట ఆగిపోయిండు. ఎప్పుడు తీస్కపోతరు?"

"ఫ్యానా!"

"జర మెల్లగ అనమ్మా. పక్కన ఇంకా ఇద్దరున్నరు."

రెండు నెలల్లో అలాంటి కబుర్లు నలభై వచ్చాయి. ఒకసారి సరిగ్గా భోజనం వేళకు మోగింది. "ఒకడు సచ్చినంక ఉబ్బుతుండమ్మా. బుసగొడ్తుండు." మనస్విని క్యారేజీ మూత పెట్టేసింది.

మేనేజర్ ఇమ్రాన్‌కు విసుగొచ్చింది. "వెళ్ళి ఆ మనిషి నోరు మూయించండి. లేదంటే అతని అర్బాబ్‌కు ఫిర్యాదు చేస్తాను" అన్నాడు. యజమాని దాకా పోతే పోచన్న ఉద్యోగం ఊడినట్టే. మనస్విని ఆ మధ్యాహ్నమే బయల్దేరింది.

బర్కాలో పోచన్న పనిచేసే ఖర్జూరం తోటలో గాలి లేదు, ఒక్క పిట్ట కూత లేదు. పిలిస్తే ఎవరూ పలకలేదు. మోటారు గది తలుపు తోసి లోపలికి తొంగిచూసింది.

చీకట్లో తెల్లగోనెలు కప్పి వరసగా ఎవరినో పడుకోబెట్టారు. పొట్టివాళ్ళు, పొడుగువాళ్ళు. ఒక్కొక్కరి గుండె మీద పోయిన తేదీ రాసిన అట్టముక్క. మూల నుంచి ఒక ఎర్రటి కన్ను ఆమెనే చూస్తూ ఆరుతూ వెలుగుతోంది. చివరి గోనె మెల్లగా పైకి లేచింది. ఉస్స్...

వెనకనుంచి ఒక చెయ్యి ఆమె భుజం పట్టి బయటికి లాగింది.

"నీకు పుణ్యముంటది, దూరం నడువు!" అంటూ పోచన్న లోపలికి దూకి, ఉబ్బిన బ్యాటరీ మీద రెండు బకెట్ల ఇసుక కుమ్మరించాడు. ఎర్రకన్ను ఎమర్జెన్సీ లైటుది.

భయం తగ్గాక మనస్వినికి కోపం వచ్చింది. "ఇవన్నీ దాచుకోవడమేమిటి? బయట పారేయొచ్చుగా!"

పోచన్న ఖాళీ బకెట్లు తీసుకుని పక్కకు జరిగాడు. జవాబు చెప్పింది అతనితోపాటే పనిచేసే బిలాల్, మధ్యమధ్యలో దగ్గుకుంటూ, హిందీలో. చుట్టుపక్కల తోటల చెత్తంతా కాల్చడం బిలాల్ డ్యూటీ. ఫ్యాన్లు, వైర్లు, బ్యాటరీలు అన్నీ అందులోనే పడేవి. ఆ పొగకు ఒకరోజు రక్తం కక్కుకున్నాడు. మరునాటి నుంచి కుప్పలో ఎండిన మట్టలు తప్ప ఏమీ మిగలకుండా పోచన్న ఏరుకుపోతున్నాడు.

"ఆ మాట చెప్పొచ్చు కదండీ పోచన్న గారూ?"

"పొగ పడ్తలేదని తెలిస్తె బిలాల్‌ను ఇంటికి తోలుతరమ్మా. పోచన్నకు పిచ్చంటె అందరు నవ్వి ఊకుంటరు."

"మరి ఆ చావు కబుర్లెందుకు?"

"ముందుగాల మంచిగనే చెప్పిన. 'మీ సామాను మీరే తీస్కపోండ్రి' అన్న. పద్దెనిమిదిసార్లు మధ్యలనే ఫోన్ పెట్టేసిండ్రు. సావు కబురైతె ఎవ్వలు పెట్టెయ్యరు, ఆఖరిదాక ఇంటరు."

మనస్విని గోనెలు ఎత్తి తమ కంపెనీవాటికి ఫోటోలు తీసుకుంది. ఇమ్రాన్ ముందు ఒక్కొక్కటే పెట్టింది. "అన్నింటి మీదా మన పేరే ఉంది సర్. అమ్మేటప్పుడు మనవి. కాల్చేటప్పుడు ఆ దగ్గేవాడివా?" ఇమ్రాన్ ఫోటోలను పక్కకు తోసి క్యాలెండర్ ముందుకు లాక్కున్నాడు. నెలకోసారి లారీ పంపి, పాత సామానును రీసైక్లింగ్‌కు చేర్చడానికి ఒప్పుకున్నాడు.

మూడో నెల లారీతోపాటు మనస్విని కూడా వచ్చింది. డ్రైవర్ సామాను తిప్పిచూసి, "ఇందులో సగం వేరే కంపెనీలవి మేడమ్" అన్నాడు.

"ఎక్కించవయ్యా. వాళ్ళతో నేను మాట్లాడతాను."

ఫ్రిజ్ ఎత్తబోయిన బిలాల్‌ను పోచన్న కసిరాడు. "నువ్వు ముట్టకు! పోయి చాయ్ పెట్టుపో!"

బిలాల్ వెళ్తూ వెళ్తూ పాట అందుకున్నాడు. మధ్యలో ఒక్క దగ్గు కూడా రాకుండా చివరి చరణం దాకా పాడాడు.

పోచన్న చెవిలో వేలు పెట్టుకున్నాడు. "చూసినవా అమ్మా? ఇంత కష్టపడి బాగుచేస్తె, గీ గొంతు బయటపడ్డది."